తాళం వేరు, వరుస వేరు: సర్వర్ జాబులను ఒకదాని తర్వాత ఒకటిగా నడపడం

(రికార్డింగ్ విని టైపు చేసిన ప్రసంగ పాఠం. తెర మీద చూపిన కమాండ్లను తెలుగు లిపిలోనే ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్లకి వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

క్రాన్‌లో, అంటే చెప్పిన టైముకి కమాండ్లను నడిపే ప్రోగ్రామ్‌లో, ఒక జాబు ఉంది. 5 నిమిషాలకోసారి నడవాలి. మామూలుగా 2 నిమిషాల్లో అయిపోతుంది, ఎవరికీ ఏ బాధా లేదు. మెల్లిగా డేటా పెరిగింది. ఒకరోజు అదే జాబుకి 7 నిమిషాలు పట్టింది. మరి 5వ నిమిషం రాగానే క్రాన్ ఏం చేస్తుంది? ఆగుతుందా? పాతది ఇంకా నడుస్తోందేమో అని తొంగి చూస్తుందా? చూడదు. క్రాన్‌కి గడియారం తప్ప ఇంకేమీ తెలియదు. టైమైంది, రెండోది మొదలుపెట్టేస్తుంది.

ఇప్పుడు రెండు జాబులూ అదే డిస్కు మీద, అదే డేటాబేసు మీద పడ్డాయి. రెండూ నెమ్మదించాయి. 7 నిమిషాలది 12 నిమిషాలైంది. ఈలోగా మూడోది దిగింది. తెల్లారి చూసేసరికి మెమరీ నిండిపోయి, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఏదో ఒక ప్రాసెస్‌ను, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ను, చంపేసి ఉంటుంది. చచ్చేది చాలాసార్లు మీ జాబు కాదు, పాపం డేటాబేసు. ఎక్కువ మెమరీ పట్టుకున్నది అదే కాబట్టి దాని మీదే వేటు పడుతుంది.

నెమ్మదించడం కనీసం కంటికి కనపడే బాధ. కనపడని బాధ ఇంకొకటుంది. రెండు బ్యాకప్‌లు ఒకే ఫైల్‌లోకి రాస్తున్నాయనుకోండి. రెండూ విజయవంతం అనే చెబుతాయి, ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్య) సున్నా. ఫైల్ మాత్రం ఇదీ కాదు, అదీ కాదు. ఆ సంగతి ఎప్పుడు తెలుస్తుంది? రిస్టోర్ చేయాల్సొచ్చిన రోజున. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని ఊరికే అనలేదు.

సరే, ఒకసారి ఒకటే నడవాలి. అందరం ఒప్పుకున్నాం. వెంటనే ఎవరో ఒకరు "లాక్ పెట్టేస్తే సరి" అంటారు. అక్కడే ఆగండి. లాక్ లోపల ఒకరే ఉండేలా చూస్తుంది, అంతే. బయట ఎవరొచ్చారు, ఎవరు ముందొచ్చారు, ఏ పని పట్టుకొచ్చారు అనేది దానికి అనవసరం. అవన్నీ గుర్తుపెట్టుకునేది క్యూ. తాళం వేరు, వరుస వేరు. తాళం సరిపోయేచోట క్యూ కడితే పని బరువవుతుంది. క్యూ కావాల్సినచోట తాళంతో సరిపెడితే పనులు మాయమవుతాయి.

కాబట్టి కమాండ్ రాసే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. రెండోవాడు వచ్చాడు, లోపల మొదటివాడున్నాడు. రెండోవాణ్ణి ఏం చేయాలి?

వెళ్లిపొమ్మనవచ్చు. క్యాష్‌ను తాజా చేసే జాబు అలాంటిది. ఇప్పుడు కాకపోతే 5 నిమిషాల తర్వాత ఇంకొకటి వస్తుంది, కొంప మునిగేదేమీ లేదు. ఆగమనవచ్చు. ఎవరో వీడియో అప్‌లోడ్ చేశారు, దాన్ని మార్చాలి. ఒక్కటి కూడా పోకూడదు, ఎంత ఆలస్యమైనా ప్రతిదీ జరగాలి. మూడో దారిని చాలామంది ఆలోచించరు: ఒక్కణ్ణి మాత్రం ఆగమని, మిగతావాళ్లని పంపేయడం. సెర్చ్ ఇండెక్స్‌ను మళ్లీ కట్టే పని ఇలాంటిదే. ఒకటి నడుస్తుండగా 10 మార్పులొచ్చాయి. 10 సార్లు కట్టాలా? అక్కర్లేదు. ఇప్పటిది అయ్యాక ఇంకొక్కసారి కడితే 10 మార్పులూ అందులోకే వచ్చేస్తాయి. కానీ ఆ ఒక్కసారి మాత్రం తప్పనిసరి. వెళ్లిపొమ్మంటే చివరి మార్పు ఇండెక్స్‌లోకి ఎక్కదు.

దీంతోపాటే ఇంకో ప్రశ్న. ఒకటే నడవాలి అంటున్నాం కదా, దేనికి ఒకటి? లాక్‌కి స్క్రిప్ట్ పేరు పెట్టడం అందరికీ అలవాటు. పేరు పెట్టాల్సింది స్క్రిప్ట్‌ని బట్టి కాదు, గొడవ దేని దగ్గరో దాన్ని బట్టి. బ్యాకప్, ఇండెక్స్ రెండూ ఒకే డిస్కుని పీల్చేస్తుంటే, స్క్రిప్టులు వేరైనా లాక్ ఒకటే ఉండాలి. అటువైపు చూస్తే, ఒకే స్క్రిప్ట్ 40 మంది కస్టమర్ల డేటా మీద నడుస్తుంటే, కస్టమర్‌కో లాక్ చాలు. అందరినీ ఒకే గుమ్మం ముందు నిలబెట్టక్కర్లేదు.

తాళం సంగతులు

ముందు పనికిరాని పద్ధతులు చెప్పేస్తాను. నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే పీఎస్ కొట్టి, పదాలు వెతికే గ్రెప్‌తో స్క్రిప్ట్ పేరు వెతకడం ఒకటి. గ్రెప్ తనని తానే పట్టుకుంటుంది, ఎడిటర్‌లో ఆ ఫైల్ తెరిచినవాణ్ణీ పట్టుకుంటుంది. రెండోది పీఐడీ ఫైల్, అంటే ప్రాసెస్ నంబరు రాసి పెట్టే ఫైల్. ఫైల్ ఉందా అని చూడటం, లేకపోతే సృష్టించడం. చూడటానికీ సృష్టించడానికీ మధ్య సన్నని సందుంది, ఇద్దరూ ఒకేసారి చూసి ఇద్దరూ లేదనుకుంటారు. పైగా జాబుని కిల్ మైనస్ 9 తో, అంటే సర్దుకునే అవకాశం ఇవ్వకుండా, చంపితే ఫైల్ అలాగే మిగిలిపోతుంది. ఇక ఆ జాబు మళ్లీ నడవదు. ఫైల్‌లో ఉన్న నంబరు బతికి ఉందో లేదో చూస్తామంటారా? రీబూట్ తర్వాత అదే నంబరు ఇంకో ప్రాసెస్‌కి వచ్చి ఉండవచ్చు.

లైనక్స్‌లో దీనికి మందు ఫ్లాక్. యుటిల్-లైనక్స్ ప్యాకేజీలో వస్తుంది కాబట్టి దాదాపు ప్రతి మెషీన్‌లోనూ ఉంటుంది. ఇందులో లాక్ అంటే ఫైల్ ఉండటం కాదు. ఫైల్‌ని తెరిచి పట్టుకున్న డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కి ప్రాసెస్ చేతిలో ఉండే పిడి) మీద కెర్నెల్ వేసే గుర్తు. ప్రాసెస్ ఎలా చచ్చినా, మర్యాదగా చచ్చినా, కిల్ మైనస్ 9 తో చచ్చినా, డిస్క్రిప్టర్‌ని కెర్నెల్ మూసేస్తుంది, లాక్ దానంతటదే ఊడిపోతుంది. శుభ్రం చేయాల్సిన చెత్త ఉండదు.

క్రాన్ వరుసలో ఇలా రాయండి:

ఫ్లాక్ -ఎన్ -ఈ 75 /రన్/లాక్/రిపోర్ట్.లాక్ రిపోర్ట్.ఎస్‌హెచ్

మైనస్ ఎన్ అంటే తాళం దొరక్కపోతే ఆగకుండా వెళ్లిపో. మైనస్ ఈ (ఇంగ్లీషులో పెద్ద అక్షరం) ఎందుకు? అది లేకపోతే తాళం దొరకనప్పుడు ఫ్లాక్ ఎగ్జిట్ కోడ్ 1 ఇస్తుంది. మీ స్క్రిప్ట్ ఫెయిలైనా 1 ఇవ్వవచ్చు. రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? 75 అనేది తాత్కాలికంగా కుదరలేదు అని చెప్పడానికి యూనిక్స్‌లో పాతకాలం నుంచీ వాడుతున్న సంఖ్య. మీ స్క్రిప్ట్ వాడని సంఖ్య ఏదైనా పర్వాలేదు, వేరుగా ఉంటే చాలు. కాసేపు ఆగమనాలంటే మైనస్ ఎన్ తీసేసి మైనస్ డబ్ల్యూ 600, అంటే 600 సెకన్లు. రెండూ లేకపోతే ఎంతసేపైనా ఆగుతుంది. ఎంతసేపైనా అంటే నిజంగా ఎంతసేపైనా. మొదటిది వేలాడిపోతే రాత్రికి రాత్రి వందల ఫ్లాక్‌లు గుమ్మం ముందు పోగవుతాయి.

మూడో దారి చెప్పాను కదా, ఒక్కణ్ణే ఆగమనడం? దానికి రెండు లాకులు కావాలి. ఒకటి వెయిటింగ్ లాక్, ఒకటి పని లాక్. స్క్రిప్ట్ ముందు వెయిటింగ్ లాక్‌ను మైనస్ ఎన్ తో అడుగుతుంది. దొరక్కపోతే ఇప్పటికే ఒకడు ఆగి ఉన్నట్టు, వెళ్లిపోతుంది. దొరికితే పని లాక్ కోసం ఆగుతుంది. పని లాక్ చేతికొచ్చాక వెయిటింగ్ లాక్‌ని వదిలేస్తుంది, ఆ తర్వాతే డేటా చదవడం మొదలుపెడుతుంది. ఈ క్రమం ముఖ్యం, జాగ్రత్త. ముందు డేటా చదివేసి తర్వాత వెయిటింగ్ లాక్ వదిలితే, ఆ మధ్యలో వచ్చిన మార్పు ఎవరికీ చెందకుండా జారిపోతుంది.

ఇప్పుడు తప్పులు. మొదటిది, అందరూ చేసేది: పని అయ్యాక లాక్ ఫైల్‌ని తుడిచేయడం. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. ఏమవుతుందో చూడండి. మొదటివాడు లాక్ పట్టుకున్నాడు. రెండోవాడు అదే ఫైల్ తెరిచి ఆగి ఉన్నాడు. మొదటివాడు పని ముగించి ఫైల్ తుడిచేశాడు. రెండోవాడికి లాక్ దొరికింది, కానీ దేని మీద? పేరు లేని పాత ఫైల్ మీద. ఇంతలో మూడోవాడొచ్చాడు. ఆ పేరుతో ఫైల్ లేదు, కొత్తది సృష్టించుకుని దాని మీద లాక్ వేసుకున్నాడు. ఇద్దరి చేతుల్లోనూ తాళాలున్నాయి, ఇద్దరూ లోపలున్నారు. ఆ ఖాళీ ఫైల్ అక్కడే ఉండనివ్వండి. అది తినే చోటు సున్నా బైట్లు. పాత ఫైళ్లను ఊడ్చే డైరెక్టరీల్లో దాన్ని పెట్టకూడదనేదీ ఇందుకే. టెంప్ వద్దు, రన్ లాక్ డైరెక్టరీ మేలు. అక్కడ రాసే అనుమతి లేని యూజర్ అయితే ఆ జాబు సొంత డైరెక్టరీలో పెట్టుకోండి.

ఇక్కడ చిన్న పక్కదారి. డెబియన్, ఉబుంటు వాడేవాళ్లు డీప్యాకేజీ లాక్ దొరకలేదన్న మెసేజ్ చూసే ఉంటారు. చాలామంది ఏం చేస్తారు? ఆ ఫైల్‌ని తుడిచేస్తారు. అది కెర్నెల్ వేసిన లాక్. తుడిస్తే ఇందాక చెప్పిన గోలే, ఇద్దరు ఒకేసారి ప్యాకేజీలు ఎక్కిస్తారు. గిట్‌లో ఇండెక్స్ డాట్ లాక్ అని ఒకటి వస్తుంది. అక్కడ మాత్రం ఫైల్ ఉండటమే లాక్. గిట్ మధ్యలో చచ్చిపోతే ఆ ఫైల్ మిగిలిపోతుంది, వేరే గిట్ ఏదీ నడవడం లేదని చూసుకుని మీరే తుడవాలి. చూడ్డానికి రెండూ ఒకలాంటి ఫైళ్లే, మందులు మాత్రం పూర్తిగా వేరు.

రెండో తప్పు మరీ తిరకాసు. మీ స్క్రిప్ట్ ఏదో డీమన్‌ని, అంటే తెర వెనక నడుస్తూనే ఉండే ప్రోగ్రామ్‌ని, బ్యాక్‌గ్రౌండ్‌లో లేపి తను ముగిసిపోయింది. డిస్క్రిప్టర్ వారసత్వంగా ఆ డీమన్‌కి వెళ్లింది. డీమన్ బతికున్నంతకాలం తాళం దాని దగ్గరే. స్క్రిప్ట్ ఎప్పుడో అయిపోయింది, తర్వాతది మాత్రం లోపలికి రాలేకపోతోంది. లాక్ ఎవరి దగ్గరుందో ఎల్ఎస్‌లాక్స్ చూపిస్తుంది. కానీ ఒక తకరారుంది, అందులో కనపడే పీఐడీ లాక్ వేసినవాడిది, అంటే ఇప్పటికే చచ్చినవాడిది కావచ్చు. ఆ ఫైల్ మీద ఫ్యూజర్ కొడితే బతికున్నవాడు దొరుకుతాడు. పరిష్కారం మైనస్ ఓ. అప్పుడు డిస్క్రిప్టర్ పిల్ల ప్రాసెస్‌కి వెళ్లదు, ఫ్లాక్ దగ్గరే ఉంటుంది. దానికీ ఒక ఖరీదుంది: ఎవరైనా ఫ్లాక్‌ని మాత్రమే చంపితే తాళం ఊడుతుంది, పని మాత్రం నడుస్తూనే ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా సలహా, డీమన్‌లను లేపే స్క్రిప్టులకే మైనస్ ఓ వాడండి, మిగతావాటికి వద్దు.

ఇంకొక్కటి. ఫ్లాక్ ముందు పదిమంది ఆగి ఉంటే ముందొచ్చినవాడికే ముందు దొరుకుతుందన్న హామీ లేదు. వరుస ముఖ్యమైతే మీకు కావాల్సింది తాళం కాదు.

వరుస కట్టడం

ఒకే మెషీన్ మీద క్యూ కావాలంటే నాకు నచ్చినది టాస్క్ స్పూలర్. డెబియన్, ఉబుంటులలో కమాండ్ పేరు టీఎస్‌పీ. ఏ జాబు ముందైనా టీఎస్‌పీ అని పెట్టండి, వరుసలో చేరిపోతుంది, షెల్ వెంటనే మీ చేతికొస్తుంది. మామూలుగా స్లాట్ ఒక్కటే, అంటే ఒకసారి ఒకటే నడుస్తుంది. ఉత్తినే టీఎస్‌పీ అంటే జాబితా చూపిస్తుంది. మైనస్ సీ తో పాటు జాబు నంబరిస్తే దాని అవుట్‌పుట్, మైనస్ యూ ఇస్తే ఆ జాబు వరుసలో ముందుకొస్తుంది, మైనస్ ఆర్ ఇస్తే వరుసలోంచి పోతుంది. మైనస్ డీ తో చేర్చిన జాబు తన ముందుది సరిగ్గా ముగిస్తేనే నడుస్తుంది. రెండో వరుస వేరుగా కావాలంటే టీఎస్ సాకెట్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి వేరే దారి ఇవ్వండి. డిస్కు పనులకో వరుస, నెట్‌వర్క్ పనులకో వరుస.

రెండు చిక్కులు. పైపు గానీ రెండు యాంపర్‌శాండ్‌లు గానీ ఉన్న కమాండ్‌ని నేరుగా ఇస్తే, మొదటి ముక్కే వరుసలోకి వెళుతుంది, మిగతాది మీ షెల్ ఇప్పుడే నడిపేస్తుంది. మొత్తం కమాండ్‌ని ఎస్‌హెచ్ మైనస్ సీ లో కొటేషన్ల మధ్య పెట్టండి. రెండోది, ఈ వరుస మెమరీలో ఉంటుంది. రీబూట్ అయితే మొత్తం గల్లంతు. రాత్రంతా నడిచే మార్పిడి పనులకి ఇది చాలు, బిల్లులు పంపే పనికి చాలదు.

బ్యాచ్ కమాండ్ ఉంది కదా అంటారు. పేరు చూసి మోసపోకండి. లోడ్ యావరేజ్ (మెషీన్ మీద సగటు పనిభారం) 1.5 కంటే తగ్గితే తర్వాతది వదులుతుంది, రెండిటి మధ్య మామూలుగా 60 సెకన్లు ఎడం ఉంటుంది. ముందుది అయిందా లేదా అని చూడదు. మీ జాబు నెట్‌వర్క్ కోసం ఎదురుచూస్తూ కూర్చునే రకమైతే లోడ్ పెరగనే పెరగదు. నిమిషానికొకటి చొప్పున అన్నీ లోపలికొచ్చేస్తాయి.

సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను లేపి, ఆపే ప్రోగ్రామ్) టైమర్ వాడేవాళ్లకి ఒక శుభవార్త. టైమర్ మోగినప్పుడు ఆ సర్వీసు ఇంకా నడుస్తుంటే దాన్ని అలాగే వదిలేస్తుంది, రెండోది లేపదు. వెళ్లిపొమ్మనే దారి ఉచితంగా వచ్చేసినట్టే. టైప్ వన్‌షాట్ (ఒకసారి పని చేసి ముగిసే రకం) పెట్టండి. రిమైన్ ఆఫ్టర్ ఎగ్జిట్ మాత్రం పెట్టకండి. పెడితే పని అయిపోయినా సర్వీసు యాక్టివ్ అనే ఉంటుంది, టైమర్ ఇంకెప్పుడూ దాన్ని లేపదు. కాలపరిమితి పెట్టాలంటే రన్‌టైమ్ మ్యాక్స్ సెక్ వన్‌షాట్ మీద పనిచేయదు, టైమవుట్ స్టార్ట్ సెక్ వాడాలి. రెండు వేరు వేరు సర్వీసులు ఢీకొనకూడదని కాన్‌ఫ్లిక్ట్స్ రాసేవాళ్లున్నారు. అది ఆగమని చెప్పదు, నడుస్తున్నదాన్ని ఆపేస్తుంది. అక్కడ రెండిటి లోపలా ఒకే ఫ్లాక్ పెట్టుకోండి.

స్లర్మ్ క్లస్టర్ (చాలా మెషీన్లకి జాబులను పంచే ఏర్పాటు) మీద పనిచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీకు డిపెండెన్సీ సింగిల్‌టన్ ఉంది. అదే యూజర్, అదే జాబు పేరుతో ముందు ఇచ్చినవి ముగిసేదాకా ఇది మొదలవదు. జాబ్ అరే (ఒకేలాంటి జాబుల గుంపు) అయితే చివర పర్సెంట్ 1 పెట్టండి. ఆఫ్టర్ ఓకే (ముందుది సరిగ్గా ముగిస్తేనే), ఆఫ్టర్ ఎనీ (ఎలా ముగిసినా) మధ్య తేడా చూసుకోండి. ఆఫ్టర్ ఓకేలో ముందుది ఫెయిలైతే తర్వాతది ఎప్పటికీ మొదలవకుండా క్యూలోనే పడి ఉండవచ్చు.

మెషీన్లు ఒకటి కంటే ఎక్కువైనప్పుడు

ఫ్లాక్ మీ మెషీన్ గోడ దాటదు. ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే ఫైల్ సిస్టమ్) మీద పెట్టవచ్చు గానీ, మౌంట్ ఎలా చేశారు, నెట్‌వర్క్ ఎప్పుడు తెగింది అనేదాని మీద ఆధారపడాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఎలాగూ ఉంటే దాని అడ్వైజరీ లాక్ వాడండి. ట్రై అడ్వైజరీ లాక్ ఫంక్షన్‌కి ఒక సంఖ్య ఇస్తే అవును లేదా కాదు అంటుంది. కనెక్షన్ తెగితే లాక్ ఊడుతుంది, ఫ్లాక్ లాగే. ఒక్కటే చిక్కు: మధ్యలో పీజీబౌన్సర్ (డేటాబేసు కనెక్షన్లను పంచే ప్రోగ్రామ్) ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఉంటే సెషన్ లాకులు పనికిరావు. లాక్ ఒక కనెక్షన్ మీద పడుతుంది, అన్‌లాక్ ఇంకో కనెక్షన్‌కి వెళుతుంది.

రెడిస్ అనే మెమరీ డేటాబేసులో లాక్‌కి గడువుంటుంది. 30 సెకన్ల గడువు పెట్టారు, పని 40 సెకన్లు పట్టింది. 30వ సెకనులో తాళం వేరేవాడికి వెళ్లింది, మీరు ఇంకా లోపలే ఉన్నారు. 40వ సెకనులో మీరు పని ముగించి లాక్ తీసేశారు. ఎవరి లాక్? అవతలివాడిది. అందుకే ప్రతి లాక్‌లోనూ మీదే అయిన ఒక టోకెన్ రాసి, తీసేటప్పుడు అది మీదేనా అని చూసి తీయాలి, చూడటం తీయడం రెండూ రెడిస్ లోపల ఒకే లువా స్క్రిప్ట్‌లో జరగాలి. అంత చేసినా 30కీ 40కీ మధ్య ఇద్దరు లోపలున్న మాట నిజమే. దానికి మందు పెరుగుతూ పోయే నంబరు. లాక్ ఇచ్చినప్పుడల్లా ఒక నంబరు, రాసే చోట పాత నంబరుతో వచ్చినవాణ్ణి తిప్పి పంపడం.

మెసేజ్ క్యూలు (పనులను మెసేజ్‌లుగా వర్కర్ ప్రోగ్రామ్‌లకి పంచే సర్వీసులు) వాడితే గండం వేరే రూపంలో వస్తుంది. పని తీసుకున్న వర్కర్ ఇంతసేపట్లో జవాబు చెప్పకపోతే చచ్చిపోయాడనుకుని అదే పనిని ఇంకొకరికి ఇచ్చేస్తాయి. అమెజాన్ ఎస్‌క్యూఎస్‌లో ఆ గడువు మార్చకపోతే 30 సెకన్లు. సెలరీ అనే పైథాన్ క్యూని రెడిస్‌తో వాడితే 1 గంట. ర్యాబిట్ ఎంక్యూ కొత్త వెర్షన్లలో 30 నిమిషాలు. మీ జాబు దీనికంటే ఎక్కువసేపు నడిస్తే వర్కర్ బతికుండగానే రెండో కాపీ మొదలయ్యే ప్రమాదం ఉంది. గడువుని మీ అతి పొడుగు జాబు కంటే పెద్దది చేయండి. ఎస్‌క్యూఎస్ ఫిఫో క్యూలో మెసేజ్ గ్రూప్ ఉంటుంది, ఇందాక కస్టమర్‌కో లాక్ అన్నానే, అది దీంతో వచ్చేస్తుంది. కుబర్నెటీస్ (చాలా మెషీన్ల మీద కంటైనర్లను నడిపే ఏర్పాటు) క్రాన్‌జాబ్‌లో కన్‌కరెన్సీ పాలసీని ఫర్బిడ్ (వద్దు) చేయండి, ఏమీ రాయకపోతే అది అలౌ (సరే). అయినా అరుదుగా ఒకే సమయానికి రెండు జాబులు పుట్టవచ్చని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. కాబట్టి మెషీన్లు ఎక్కువైతే, రెండుసార్లు నడిచినా నష్టం లేనట్టు జాబుని రాయడం తప్పదు. ఫలితాన్ని టెంపరరీ ఫైల్‌లో రాసి చివర్లో రీనేమ్ చేయడం, చేసిన పని నంబరుని డేటాబేసులో యూనిక్ కాలమ్‌లో పెట్టడం, ఇలాంటివి.

వరుస ఎంత పొడుగు?

మొదటి లెక్కకి వద్దాం. 5 నిమిషాలకొకటి వస్తోంది, ఒక్కోదానికి 7 నిమిషాలు. వెళ్లిపొమ్మనకుండా అన్నిటినీ వరుసలో పెట్టారు. రోజుకి వచ్చేవి 288, అయ్యేవి 205. నడుస్తున్న ఒకటి పోను, మొదటి రోజు చివరికి 82 మిగులుతాయి, రెండో రోజుకి 164. ఏ క్యూ సాఫ్ట్‌వేరూ దీన్ని బాగు చేయలేదు. జాబుని చిన్నది చేయాలి, లేదా రాకని తగ్గించాలి.

100 శాతం చేరకముందే బాధ మొదలవుతుంది. పనులు వాటి ఇష్టమొచ్చినప్పుడు వస్తూ, నిడివి కూడా మారుతూ ఉంటే, సర్వర్ 50 శాతం బిజీగా ఉన్నప్పుడు సగటున ఒక జాబు నిడివంత ఆగాలి. 80 శాతంలో 4 జాబుల నిడివి. 90లో 9. అందుకే క్యూలో ఎన్ని ఉన్నాయన్నదాని మీద కాకుండా, అన్నిటికంటే ముందున్నది ఎంతసేపటి నుంచి ఆగి ఉందన్నదాని మీద అలారం పెట్టండి. 200 చిన్న పనులుంటే ఫర్వాలేదు. ఒకే ఒక్కటి 3 గంటలుగా ఆగి ఉంటే ఏదో వేలాడిపోయినట్టే.

వేలాడే జాబుకి టైమవుట్ కమాండ్ పెట్టండి. ఫ్లాక్ బయట, టైమవుట్ లోపల. తిరగేస్తే తాళం కోసం ఆగిన సమయం కూడా లెక్కలోకి వచ్చేసి, పని మొదలవకముందే గడువు తీరిపోతుంది. మైనస్ కే 30 కూడా ఇవ్వండి, మర్యాదగా చెబితే వినని ప్రాసెస్‌ని 30 సెకన్ల తర్వాత బలవంతంగా ఆపుతుంది. గడువు మించితే ఎగ్జిట్ కోడ్ 124, బలవంతంగా ఆపాల్సొస్తే 137. ఇక ప్రతిసారీ ఫెయిలయ్యే జాబుని వరుస మొదట్లోనే పెట్టి మళ్లీ మళ్లీ నడపకండి. వెనకున్నవాళ్లందరూ దాని మూలంగా ఆగిపోతారు. మూడుసార్లు చూసి పక్కన పెట్టే చోటొకటి ఉండాలి.

చివరగా, ఇదంతా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? జాబు చోట స్లీప్ 300 పెట్టండి. రెండు టెర్మినళ్లు తెరవండి. మొదటిదాంట్లో మొదలుపెట్టి, రెండోదాంట్లో కూడా కొట్టండి, 75 రావాలి. ఇప్పుడు మొదటిదాంట్లో ఫ్లాక్‌నీ స్లీప్‌నీ రెండిటినీ కిల్ మైనస్ 9 చేసి వెంటనే మళ్లీ కొట్టండి, తాళం దొరకాలి. ఫ్లాక్‌ని ఒక్కదాన్నే చంపి ఏమవుతుందో కూడా చూడండి. క్యూ అయితే మూడు పనులు పెట్టి మెషీన్‌ని రీబూట్ చేయండి, ఏవి మిగిలాయో చూడండి. తర్వాత, క్రాన్ విరామానికి మూడింతలు పట్టే నకిలీ జాబుని ఒక రాత్రంతా నడవనిచ్చి లాగ్ చదవండి. స్టార్ట్, ఎండ్, స్టార్ట్, ఎండ్ అని ఉండాలి, రెండు స్టార్ట్‌లు పక్కపక్కన పడకూడదు. ఆ స్టార్ట్ అనే వరుసని తాళం దొరికిన తర్వాతే రాయించండి, ముందు రాయిస్తే లేని గొడవ ఉన్నట్టు కనిపించి ఒక పూటంతా దాని వెంట పరిగెడతారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.